వెనక్కి తిరిగిన పాదాలు

దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మొట్టమొదట చెప్పిందెవరో మనకు తెలియదు. ఏ నాయనమ్మో, ఏ పాలేరో, రాత్రంతా చితి దగ్గర కూర్చున్న ఏ కాటికాపరో అయి ఉండాలి. ఆ పేరు తెలిస్తే పెద్ద కవుల వరసలో కూర్చోబెట్టాలని నాకు ఎన్నాళ్లనుంచో కోరిక. కోరలు, విరబోసిన జుట్టు, చింతనిప్పుల్లాంటి కళ్లు ఎవరైనా ఊహించగలరు. పాదాలు తిప్పడానికి మాత్రం ప్రతిభ కావాలి.

ఆ మాట చెప్పేటప్పుడు మా నాయనమ్మ గొంతు బాగా తగ్గించేది. "మనిషిలాగే ఉంటుందిరా. చీర కట్టుకునే ఉంటుంది. పలకరిస్తుంది కూడా. నువ్వు మొహం చూడమాక, కాళ్లు చూడు." అంతే చెప్పి ఊరుకునేది. ఆ తర్వాత ఎదురుగా ఎవరొచ్చినా నా చూపు ముందు కాళ్లమీదే పడేది. మనిషిని చూస్తే ఇటు వస్తున్నట్టుంటుంది, అడుగుజాడ చూస్తే అటు వెళ్లిపోయినట్టుంటుంది. ఆ తికమకకే ఒళ్లు జలదరించేది.

చాలా ఏళ్ల తర్వాత, మా నాన్న పాడె వెంట నడిచిన రోజున ఆ బొమ్మ మళ్లీ కళ్లముందుకొచ్చింది. కాటికి పోయేవాడి ముఖం కాటివైపే ఉండాలి, వేరే దారి లేదు. పాదాలు మాత్రం ఇంటివైపు తిరిగిపోయాయి. ఇల్లు వదల్లేని మనిషిని ఇన్ని తక్కువ గీతల్లో ఏ చిత్రకారుడు గీశాడు? ఆ రోజునుంచీ నాకు కాటి కథలు వేరేగా వినిపిస్తున్నాయి.

మా ఊరి కాడు చెరువుకట్టకు దిగువన, పొలాలు మొదలయ్యేచోట ఉంది. రెండు చింతలు, ఒక ముసలి వేప, గట్లవెంట జిల్లేడు, మిగిలినదంతా సర్కారు తుమ్మ. కాల్చేవాళ్లది ఒక పక్క, పూడ్చేవాళ్లది ఒక పక్క. పాత సమాధులమీద సున్నం రాలిపోయి ఇటుకలు బయటపడ్డాయి. కొన్నిటిమీద పేరుంది, కొన్నిటిమీద సంవత్సరం మాత్రమే మిగిలింది. పొద్దుగూకాక చెరువుమీదినుంచి గాలి వీస్తే చింతాకు సన్నగా రాలుతుంది, చప్పుడు కూడా ఉండదు. రాత్రిపూట చింతకింద పడుకోకూడదంటారు, దయ్యాల కాపురం దానిమీదేనట. మర్రిచెట్టు బ్రహ్మరాక్షసిది. వేపకు ఆ బెడద లేదు, అది అమ్మవారి చెట్టు.

ఆ చోటికి మనకున్న పేర్లు చూడండి. రుద్రభూమి అన్నప్పుడు అది శివుడి నేల. బొందలగడ్డ అని తెలంగాణలో అన్నప్పుడు గుంటలు తవ్విన నేల, ఉన్నదున్నట్టు. వల్లకాడు అంటే చాలు, ఎండుగాలి చెంపకు తగులుతుంది. ఉత్త కాడు అన్న మాట నాకు అన్నిటికన్నా ఇష్టం. పక్కనున్న తమిళంలో, కన్నడంలో కాడంటే అడవి. ఊరు అయిపోయి అడవి మొదలయ్యేచోట మనం మనవాళ్లను వదిలి వస్తాం. కథలన్నీ ఆ సరిహద్దుమీదే మొలిచాయి.

ఈ కథల్లో ఒక నియమం ఉంది, చాలామంది ఇళ్లలో విన్నదే. రాత్రిపూట బయటినుంచి ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకకూడదు, రెండో పిలుపుకూ పలకకూడదు. మూడోసారి పిలిస్తే మనిషి. దయ్యం మూడోసారి పిలవలేదు. ఎందుకు పిలవలేదు అని నేనడిగితే నాయనమ్మ దగ్గర జవాబు లేదు. "పిలవలేదంతే" అనేది.

జవాబు నాకు దింపుడు కళ్లం దగ్గర దొరికింది. పాడె మోసుకెళ్తూ కాటికి చేరకముందు ఒకచోట దించుతారు. దగ్గరివాళ్లు వంగి, పోయినవాడి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. కొడుకు నాన్నా అంటాడు, తమ్ముడు అన్నయ్యా అంటాడు. ప్రాణం ఎక్కడో కొట్టుకుంటూ ఉంటే పలుకుతాడేమోనని. దింపుడు కళ్లం ఆశ అన్న నుడికారం అక్కడ పుట్టిందే. మూడో పిలుపుకూ పలకకపోతే పాడె మళ్లీ లేస్తుంది. ఆ మూడో పిలుపుతో మనం ఆశ వదిలేస్తాం. మరి రాత్రి తలుపు బయట నిలబడి పిలిచేది ఎవరు? మనం ఏ పేరుపెట్టి చెవిలో పిలిచామో ఆ మనిషే, మన పిలుపు మనకు తిరిగిస్తున్నాడు. రెండుసార్లు పిలిచి ఆగిపోతాడు. మూడోది పిలిస్తే తనూ ఆశ వదులుకోవాలి.

ఇది ఎవరో కూర్చుని అల్లిన పోలిక కాదని నాకు తెలుసు. తరతరాల నోళ్లలో నానుతూ రెండు పక్కలా సరిపోయింది. గొప్ప జానపద శిల్పం ఇలాగే కుదురుతుంది. ఒకసారి ఈ కన్నుతో చూడ్డం మొదలుపెడితే మిగిలిన నియమాలు కూడా వాటంతటవే తెరుచుకుంటాయి. కాడు పక్కనుంచి పోతున్నప్పుడు వెనకాల గజ్జెల చప్పుడు వినిపించినా తిరిగి చూడకూడదు. నిజానికి ఆ నిషేధం మొదట ఉన్నది అంత్యక్రియలోనే. కొడుకు నీళ్లకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతుంటే వెనకనుంచి కుండకు చిల్లులు పెడతారు. నీళ్లు కారుతూనే ఉంటాయి. చివరికి కుండ వెనక్కి వదిలేసి, తిరిగి చూడకుండా నడిచి రావాలి. ఆ క్షణంలో మెడ ఎంత బరువెక్కుతుందో అనుభవించినవాళ్లకు తెలుసు. పగలు తిరిగి చూడని మెడే రాత్రి కథలో మళ్లీ వణుకుతుంది.

బండి కథ అందరూ వినే ఉంటారు. కాడు పక్కనుంచి పోతుంటే బండి ఉన్నట్టుండి బరువెక్కుతుంది. ఎడ్లు మోకాళ్లు వంచి లాగినా చక్రం కదలనంటుంది. వెనకాల ఎవరో ఎక్కారు. బండివాడు నోరెత్తకుండా, వెనక్కి చూడకుండా తోలుతాడు. పొలిమేర రాగానే బరువు దిగిపోతుంది, ఎడ్లు ఒక్కసారిగా పరుగందుకుంటాయి. మా ఊళ్లో ఈ కథ చెప్పినవాళ్లంతా బరువెక్కిన ఘట్టాన్నే సాగదీసి చెప్పేవాళ్లు. నా మనసు మాత్రం పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. ఎక్కినామె ఎవరికీ హాని చేయలేదు. ఊళ్లోకి పోయే బండి చూసి ఎక్కింది. పొలిమేరలో పోలేరమ్మ ఉంటుంది, దాటనివ్వదు. అక్కడిదాకా వచ్చి, ఊరి దీపాలు కనిపించే దూరంలో దిగి నిలబడిపోయింది.

తమిళనాట బాటపక్కన సుమైతాంగి అని రాతిదిమ్మెలు ఉంటాయి. రెండు నిలువు రాళ్లు, పైన ఒక అడ్డరాయి, మనిషి భుజమెత్తు. కడుపుతో ఉండి చనిపోయిన ఆడపిల్ల జ్ఞాపకానికి వాటిని నిలుపుతారు. మూటలు మోసుకొచ్చే బాటసారి భుజం బరువు దానిమీదికి దించుకుని ఊపిరి పీల్చుకుంటాడు. దించుకోకుండా పోయిన ఆమె బరువు అలా కొంత దిగుతుందని నమ్మకం. మన బండి కథలో ఎక్కిన బరువుకూ ఆ రాతిమీద దించిన బరువుకూ చుట్టరికం ఉందని నాకనిపిస్తుంది. మన దగ్గర బాలింత దయ్యం కథలు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. పురిట్లో పోయిన తల్లి అర్ధరాత్రి మంత్రసాని తలుపు తడుతుంది, పాలకోసం వస్తుంది, ఊయల ఊగిన చప్పుడవుతుంది. పురిటి మరణాలు ప్రతి ఊళ్లోనూ ఉన్న కాలంలో పుట్టిన కథలివి. ఏ ఇంటి కోడలు పోయిందో వినేవాళ్లందరికీ తెలుసు. భయపడుతూనే కళ్లు తుడుచుకునేవాళ్లు.

తీతువు పిట్ట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాత్రి అది ఊరిమీదుగా కూస్తూ పోతే ఎవరికో మూడిందని లెక్క. దాని కూతకు ముసలివాళ్లు లేచి కూర్చుని దేవుణ్ణి తలచుకోవడం నేను చూశాను. ఆ పిట్ట చెట్టుమీద గూడు కట్టదు. బీడునేలమీద, రాళ్లమధ్య, నేల రంగులోనే ఉండే గుడ్లు పెడుతుంది. మా కాడులాంటి మనుషులు తిరగని ఖాళీ జాగా దానికి బాగా నచ్చుతుంది. నక్కో కుక్కో మనిషో గుడ్ల దగ్గరికొస్తే రాత్రీ పగలూ అని లేకుండా గగ్గోలు పెడుతుంది. ఊరు ఊరంతా చావు కబురనుకుని దుప్పటి ముసుగేసుకున్న ఆ కూత గుడ్లను కాచుకునే పిట్ట కేక. ఇది తెలిశాక కూడా ఆ కూత విన్నప్పుడల్లా నా గుండె ఝల్లుమంటుంది. ఝల్లుమనడంలో ఇప్పుడు జాలి కలిసింది.

భయానక రసం ఎందువల్ల పుడుతుందో భరతుడు నాట్యశాస్త్రంలో ఒక జాబితా ఇచ్చాడు. వికృతమైన ధ్వనులు, భూతాలు కనబడటం, నక్కలు, గుడ్లగూబలు, పాడుబడ్డ ఇల్లు, అడవి దారి. ఇంతవరకు మన కాటి కథలకు సరిగ్గా సరిపోతుంది. ఆ జాబితాలోనే ఇంకోమాట ఉంది: తనవాళ్ల చావును చూడటం, వినడం, కథగా చెప్పుకోవడం. గుడ్లగూబల పక్కన ఆ మాట పెట్టినందుకు ఆ మునికి నేను దణ్ణం పెడతాను. భయానకానికి నలుపు రంగు, కాలుడు దేవత. కరుణకు పావురపు బూడిదరంగు, యముడు దేవత. రెండూ మృత్యువు వాకిట్లోవే. మన కాటి కథల్లో భయం సంచారిభావమేననీ, లోపల స్థాయిగా ఉన్నది శోకమేననీ నా నమ్మకం. లక్షణగ్రంథాలు బాగా చదివినవాళ్లు దీనికి ఒప్పుకోకపోవచ్చు. అమావాస్య రాత్రి చింతకింద కథ విన్నవాళ్లు ఒప్పుకుంటారు.

సంస్కృతంలో శ్మశానం అనగానే భవభూతి గుర్తొస్తాడు. 8వ శతాబ్దపు మాలతీమాధవంలో అయిదో అంకం. ప్రేమలో ఆశ వదులుకున్న మాధవుడు నడిరాత్రి శ్మశానంలో నరమాంసం అమ్ముతానని పిశాచాలను పిలుస్తూ తిరుగుతాడు. ఆ వర్ణనలో పేగులు, ఎముకలు, నిప్పులు, విందు చేసుకునే ప్రేతాలు అన్నీ కళ్లకు కట్టేస్తాయి. బీభత్సాన్ని ఆ ఎత్తుకు తీసుకెళ్లినవాడు మరొకడు లేడు. అయినా ఆ పిశాచాల్లో ఒక్కటి కూడా ఎవరి బిడ్డా కాదు. అందుకే నేను ఆశ్చర్యపోతాను గానీ నా గొంతు పూడుకుపోదు.

గొంతు పూడుకుపోయేది జాషువా దగ్గర. ఆయన ఖండకావ్యంలోని శ్మశానవాటి పద్యాలు పుస్తకంలో ఎందరు చదివారో గానీ, హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనులో విననివాళ్లు మా తరంలో తక్కువ. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రాసిన ఆ నాటకంలోకి జాషువా పద్యాలు వచ్చి కలిశాయి. ఎంతగా కలిశాయంటే అవి వేరే కవివని చెబితే పల్లెలో నమ్మరు. డి.వి. సుబ్బారావు గొంతులో వాటిని విన్నవాళ్ల అదృష్టమే అదృష్టం.

ఆ సీను ఎప్పుడొస్తుందో గుర్తుచేసుకోండి. రాత్రి పదింటికి మొదలైన నాటకం కాటికి చేరేసరికి రెండో మూడో అయ్యేది. పిల్లలు చాపలమీద పడి నిద్రపోతుంటారు. మంచు దిగుతుంటుంది. ఊరి కాడు నిజంగానే అక్కడికి కూతవేటు దూరంలో ఉంటుంది. రంగంమీద హరిశ్చంద్రుడు భుజాన గొంగళి, చేతిలో కర్ర, హార్మోనియం సన్నగా మొదలవుతుంది. అప్పుడు ఆ పద్యం.

మొదటి పద్యంలోనే జాషువా ఒక వింత చేశాడు. దయ్యాల కథ చెప్పేచోట నిలబడి, ఇన్నేళ్లలో ఇక్కడినుంచి ఒక్కరు కూడా లేచి రాలేదని వాపోయాడు. ఊరంతా భయపడేది లేచి వస్తారని. ఈయన దుఃఖం లేచి రావడంలేదని. ఎంతమంది తల్లులు ఇక్కడ పొర్లిపొర్లి ఏడ్చారో, వాళ్ల కన్నీటి వేడికి రాళ్లు కూడా ఉడికిపోయాయని అంటాడు. రాయి కరగడం కావ్యాల్లో ఎన్నోసార్లు చూశాం, ఉడకడం ఇక్కడే. తర్వాతి పద్యంలో కారుమబ్బులు, దయ్యాలతో ఆటలాడే గుడ్లగూబలు, నాలుగు దిక్కులా అరుపులు, భయానకం సామగ్రి మొత్తం పేర్చిపెడతాడు. పద్యం చివరికొచ్చేసరికి ఇక్కడ ఆకైనా కదలడంలేదే, ఎంత హాయి ఉందో ఇక్కడ అని ముగిస్తాడు. నాలుగు పాదాల్లో భయం శాంతంగా మారిపోయింది. ఎన్నిసార్లు విన్నా ఆ మలుపు దగ్గర నా వెన్నులో ఏదో కదులుతుంది.

అన్నిటికంటే నన్ను కదిలించేది సమాధిమీద దీపం పద్యం. కొత్త సమాధి, చిక్కటి చీకటి, ఎవరో వెలిగించి పెట్టిపోయిన దీపం. నూనె అయిపోయింది. అయినా మిణుగురుపురుగులా మిణుకుమంటూనే ఉంది, ఆరిపోలేదు. దాన్ని దీపం అనవచ్చా అని అడిగి, బిడ్డను పోగొట్టుకున్న ఏ తల్లో తన హృదయాన్నే అక్కడ ఉంచి వెళ్లిందంటాడు. కాటిలో రాత్రిపూట కనిపించే వెలుగును ఊరు కొరివిదయ్యం అంది. చిత్తడినేలలో పుట్టే వాయువు మండటం అని సైన్సు పుస్తకాలు రాశాయి. జాషువా తల్లి గుండె అన్నాడు. మూడో మాట విన్నాక నాకు మొదటి మాట కూడా అర్థమైంది.

ఆ పద్యాల్లోనే ఇక్కడ అంటరానితనానికి చోటు లేదనీ, పులినీ మేకనూ పక్కపక్కన పడుకోబెట్టి మన్ను జోకొడుతుందనీ ఉంది. 1895లో వినుకొండలో పుట్టి, ఊరి బడినుంచీ ఆ అవమానం భరించిన మనిషి రాసిన మాట అది. చదివిన ప్రతిసారీ నాకు మా ఊరి కాడు గుర్తొచ్చి తలవంపులవుతుంది. మాలపల్లి కాడు వేరు, మాదిగపల్లి కాడు వేరు, ఊరి కాడు వేరు. ఇప్పటికీ చాలా ఊళ్లలో అంతే. పాతిపెట్టుకోవడానికి జాగా కోసం శవాన్ని రోడ్డుమీద పెట్టి కూర్చున్న దళితుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ కవి కన్న కల ఇంకా కలగానే ఉంది. దయ్యాలకు మాత్రం ఆ పట్టింపు లేదు. మా ఊరి బండి కథ మూడు కాడులలోనూ ఒకేలా చెబుతారు.

బేతాళుడి గురించి రెండు మాటలే చెబుతాను, అందరూ చందమామ పత్రికలో చదివినవే కాబట్టి. పట్టువదలని విక్రమార్కుడు భుజాన శవంతో కత్తి దూసి నడిచే, చిత్రకారుడు శంకర్ వేసిన బొమ్మ మన ఇళ్లలో దేవుడి పటమంత పరిచితం. 11వ శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పిన 25 కథలకు చందమామ వందల కథలు చేర్చింది. నాకు ఆ కథల్లో చిక్కుముడులకన్నా షరతు గొప్పగా తోస్తుంది. శవం అడుగుతుంది. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం చెట్టుకు తిరిగిపోతుంది. చెవిలో పిలిచిన పిలుపుకు పలకని శవాల మధ్య, పలకమని మనల్నే అడిగే శవం ఒకటి! మాటాడిన ప్రతిసారీ రాజు దాన్ని పోగొట్టుకుంటాడు. సోమదేవుడి చివరి కథలో జవాబు తెలియక మౌనంగా నడిచినప్పుడే బేతాళుడు సంతోషించి దారి చూపిస్తాడు.

ఇప్పుడు తెలంగాణలో ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. మన దగ్గర కూడా చాలా కాడులకు ప్రహరీ, రేకుల షెడ్డు, దీపస్తంభం వచ్చాయి. నీళ్ల కుళాయి, ఆడవాళ్లకు స్నానాల గది వచ్చాయి. వానలో చితి ఆరిపోయి గొడుగులు పట్టుకుని నిలబడ్డ రోజులు చూసినవాణ్ణి, ఇవన్నీ రావలసినవే అంటాను. శవాన్ని వ్యానులో తీసుకెళ్లేటప్పుడు దింపుడు కళ్లం దగ్గర ఆపడం మాత్రం కొన్ని ఇళ్లలో మరచిపోతున్నారు. మా ఊరి రెండు చింతల్లో ఒకటి రోడ్డు వెడల్పులో పోయింది. బండి కథ చెప్పేవాళ్లలో ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ ఎనభై దాటాయి.

మీ ఊళ్లోనూ అలాంటి అవ్వో తాతో ఉంటారు. ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు కాటి కథ అడిగి ఫోనులో రికార్డు చేసుకోండి. ఏ చెట్టో, ఏ దారో, దయ్యం ఏమని పిలిచేదో అడగండి. ఆమె బతికున్నప్పుడు ఏ ఇంటి మనిషో, ఎలా పోయిందో తప్పకుండా అడగండి.